ఎనిమిదేళ్లు వాడిన ట్రైపాడ్: విశాఖ రాత్రి దీపాల కోసం

ఈ ట్రైపాడ్‌ని కెమెరా కదలకుండా నిలబెట్టడానికి 2017 నవంబరులో కొన్నాను. కొన్న వారానికే సమీక్ష రాసి ఉంటే ఐదు నక్షత్రాలు ఇచ్చేదాన్ని. ఏడాదికి రాసి ఉంటే రెండిచ్చి తిట్టేదాన్ని. ఎనిమిదేళ్లు వాడాక ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి నక్షత్రాల గొడవ పక్కన పెట్టి, ఏం జరిగిందో చెప్తాను.

అల్యూమినియం కాళ్లు. ఒక్కో కాలు నాలుగు ముక్కలుగా సాగుతుంది, ముక్కముక్కకీ ప్లాస్టిక్ క్లిప్ లాకు. పైన కెమెరాను ఎటైనా వంచి బిగించే బాల్ హెడ్. బరువు కిలోన్నర దాటుతుంది. అప్పట్లో 3,800 రూపాయలు పెట్టాను. కంపెనీ పేరు చెప్పను. ఆ మోడల్ ఇప్పుడు ఎలాగూ రావడం లేదు, పైగా ఈ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

దీన్ని నేనొక్కదాన్నే వాడలేదు. మా నాన్న కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి ఆ ఏడాదే రిటైరయ్యాడు. ఏ అర్ధరాత్రి ఫీడరు (ఒక ప్రాంతానికి కరెంటిచ్చే లైను) పోయినా లేచి వెళ్లిన మనిషి. రిటైరయ్యాక కూడా రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేసేది. వరండాలోకి వెళ్లి, వీధిలైట్లు వెలుగుతున్నాయని చూసుకుని, మళ్లీ వచ్చి పడుకునేవాడు. "ఎలాగూ లైట్లే కదా చూస్తావు, నాతో రా నాన్నా, ఫొటోలు తీద్దాం" అన్నాను. ట్రైపాడ్ విప్పి నిలబెడితే చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఏటమ్మీ ఇది, మూడు కాళ్ల స్తంభం?"

మొదట కైలాసగిరి ఎక్కాం. అక్కడి నుంచి చూస్తే బీచ్ రోడ్డు కొడవలిలా వంగి ఆర్కే బీచ్ మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు వెళ్తుంది. పొద్దు గుంకిన ఇరవై నిమిషాలకు ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, వీధి దీపాలు అప్పటికే వెలిగి ఉంటాయి. ఆ పావుగంట, ఇరవై నిమిషాలే అసలు సమయం. డిసెంబరులో మా ఊళ్లో సూర్యుడు 5.20 ప్రాంతంలోనే దిగిపోతాడు కాబట్టి నాలుగున్నరకే చోటు చూసుకుని నిలబడాలి. పూర్తిగా చీకటి పడ్డాక తీస్తే నల్లగుడ్డ మీద చుక్కలు కుట్టినట్టు వస్తుంది.

ఐఎస్‌ఓ (వెలుగుని కెమెరా పట్టుకునే జోరు) 100, ఎపర్చర్ (లెన్సులో వెలుగు దూరే కన్నం) ఎఫ్/11, షట్టర్ తెరిచి ఉంచేది 15 సెకన్లు. ఎపర్చర్ అంత చిన్నది చేస్తే వీధి దీపాలు నక్షత్రాల్లా కిరణాలు విప్పుకుంటాయి. నా లెన్సులో ఎపర్చర్ రేకులు ఏడు, అందుకే ఒక్కో దీపానికి పద్నాలుగు కిరణాలు వస్తాయి. రేకులు సరిసంఖ్యలో ఉంటే ఎన్ని రేకులో అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు. ఇది విని నాన్న తెర మీద ఫొటో పెద్దది చేయించి ఒక దీపానికి కిరణాలన్నీ లెక్కపెట్టాడు. పద్నాలుగే. అప్పటి నుంచి నా మాట కాస్త నమ్ముతున్నాడు.

ఆ రాత్రే ట్రైపాడ్ మొదటి లోపం బయటపడింది. బాల్ హెడ్ ఎంత బిగించినా, చెయ్యి తీశాక కెమెరా వెంట్రుకవాసి కిందికి జారుతుంది. చిన్న లెన్సుతో తెలియదు, జూమ్ లెన్సు పెడితే తెలుస్తుంది. ఇప్పుడు కావాల్సిన దానికంటే కాస్త పైకి గురిపెట్టి బిగిస్తున్నాను. అలవాటైపోయింది. కొత్తగా కొనేవాళ్లు మాత్రం షాపులోనే కెమెరా బిగించి ఒక నిమిషం ఆగి చూడండి.

రెండోది గాలి. మధ్య కడ్డీకి కొక్కెం ఉంటుంది, బరువుకి బ్యాగు తగిలించమని పుస్తకంలో రాశారు. సముద్రపు గాలికి ఆ బ్యాగే ఉయ్యాలలా ఊగి ట్రైపాడ్‌ని కదిలిస్తుంది. బ్యాగు అడుగు నేలకు ఆనేటట్టు తగిలించాలి. మధ్య కడ్డీని అసలు పైకి లేపకూడదు. లేపితే మూడు కాళ్లున్నా ఒంటికాలి మీద నిలబెట్టినట్టే. గాలి మరీ ఎక్కువైతే మా దగ్గర ఇంకో ఉపాయం ఉంది: గొడుగు విప్పి నాన్న గాలికి అడ్డంగా నిలబడతాడు.

ఇసుక గురించి వేరే చెప్పాలి. తడి ఇసుకలో కాళ్లు పెట్టి పది సెకన్ల ఫొటో తీస్తే, కాళ్లు మెల్లగా దిగుతూనే ఉంటాయి, ఫొటో అలుక్కుపోతుంది. దీనికి మార్గం నాన్న కనిపెట్టాడు. మూడు కొబ్బరి చిప్పలు, ఒక్కో కాలి కింద ఒకటి. బరువు పరుచుకుని కాలు దిగదు. బీచ్‌లో నన్ను చూసి నవ్విన కుర్రాళ్లు తర్వాత వారం చిప్పలు తెచ్చుకున్నారు.

కురుసుర జలాంతర్గామి 2002 నుంచి బీచ్‌లో మ్యూజియంగా ఉంది. మేం ట్రైపాడ్ కొన్న నెలకే రోడ్డుకు ఇవతల టీయూ-142 విమానం కూడా మ్యూజియం అయింది. ఆ రెండింటి మధ్య బీచ్ రోడ్డు మీద వాహనాల దీపాల గీతలు తీయడం మాకు చాలా ఇష్టం. షట్టర్ ఎప్పుడు నొక్కాలో నాన్నే చెప్తాడు. "ఆగు, ఆగు, ఇంకా సిగ్నల్ పడలేదు... బస్సొస్తోంది, నొక్కు!" బస్సు పొడుగు కాబట్టి దాని కిటికీల వెలుగు ఫొటోలో రిబ్బను పరిచినట్టు వస్తుంది. ముప్పై సెకన్లు దాటితే కెమెరా తనంతట తాను లెక్కపెట్టదు, రిమోట్ బటన్ నేను పట్టుకోవాలి, లెక్క నాన్న పెట్టాలి. ఒకసారి వాచీ పెట్టి చూశాను. ఆయన నలభై అంటే నిజానికి నలభై తొమ్మిది. ఇప్పటికీ ఆ లెక్కకు తగ్గట్టు మనసులో తీసివేత వేసుకుంటాను తప్ప ఆయనకు చెప్పలేదు.

దీపాల సంగతి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. హుద్‌హుద్‌ తుపానుకి ముందు మా రోడ్ల మీద ఎక్కువగా సోడియం దీపాలే. నాన్న వాటిని పచ్చలైట్లంటాడు (మా వైపు పెద్దవాళ్లకు పచ్చ అంటే పసుపే). ఆ దీపం కింద ఎర్రచీర, ఆకుపచ్చ చీర రెండూ ఒకేలా మట్టిరంగులో కనిపిస్తాయి. ఆ వెలుగులో మిగతా రంగులు సరిగ్గా లేవు కాబట్టి కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగు) ఎంత తిప్పినా రావు. 2014 అక్టోబరు 12న తుపాను గంటకు 180 కిలోమీటర్లకు పైగా గాలితో మా ఊరి మీద పడింది. నాన్న నాలుగు రోజులు ఇంటికి రాలేదు. వచ్చాక కూడా స్నానం చేసి, అన్నం తిని, మళ్లీ వెళ్లిపోయాడు. పదకొండు రోజులకు దీపావళి. రోడ్ల నిండా ఎండిన కొమ్మలు, టపాసులు కాల్చొద్దన్నారు. తర్వాతి ఏడాది, 2015లో, ఊరంతా 90 వేలకు పైగా ఎల్‌ఈడీ వీధి దీపాలు వచ్చాయి.

ఫొటోకి ఎల్‌ఈడీ మంచిదే, రంగులు రంగుల్లా వస్తాయి. కానీ దీపం ఉన్నచోట మాత్రం తెల్లగా కాలిపోతుంది. అందుకే కెమెరా చెప్పిన దానికంటే ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగమే పడేటట్టు తీస్తాను. చేత్తో పట్టుకుని వేగంగా తీస్తే ఇంకో తంటా: కొన్ని ఎల్‌ఈడీ బోర్డులు సగం వెలిగి సగం ఆరినట్టు పడతాయి. ఎందుకని నాన్నని అడిగితే, "కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతాది, అటొకటి ఇటొకటి, లైటు వందసార్లు మినుకుతాది. నీ కంటికి అందదు, ఆ డబ్బాకి అందుతాది" అన్నాడు. ట్రైపాడ్ మీద సెకన్ల తరబడి తీసేటప్పుడు ఈ బాధ ఉండదు.

అసలు పరీక్ష నేవీ డే. 1971లో మన నౌకలు కరాచీ రేవు మీద దాడి చేసిన డిసెంబరు 4న జరుపుతారు. 2022లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఆర్కే బీచ్‌కి వచ్చారు. జనం మధ్య ట్రైపాడ్ పెట్టే వీలుండదని మేం తెన్నేటి పార్కు వైపు ఉండిపోయాం. చీకటి పడ్డాక లంగరు వేసిన యుద్ధనౌకల మీద బల్బుల తోరణాలు వెలిగాయి. నాన్న ఏమీ మాట్లాడలేదు. నేను మాత్రం హడావుడిగా 20 సెకన్లు పెట్టి తీశాను. ఓడల దీపాలన్నీ నీళ్లలో తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. ట్రైపాడ్ కదిలిందనుకుని దాన్ని తిట్టాను. మళ్లీ తీశాను, అదే. ఒడ్డు మీది దీపాలు మాత్రం సూది మొనల్లా ఉన్నాయి. "దాన్నెందుకు తిడతావు, ఓడ ఊగుతోంది కదా" అన్నాడు నాన్న. లంగరు వేసినా ఓడ అలల మీద ఊగుతూ, గొలుసు చుట్టూ మెల్లగా తిరుగుతూనే ఉంటుందని నాకు తట్టనే లేదు. ఐఎస్‌ఓ 800కి పెంచి షట్టర్ రెండు సెకన్లకు దించితే కుదిరింది. ఓడల దీపాలకు ట్రైపాడ్ ఒక్కటే చాలదు, షట్టర్ కూడా తగ్గించాలి. అప్పటి ఫొటో ఒకటి మా హాల్లో ఉంది.

దీపావళికి ట్రైపాడ్ మేడ మీదే. అమావాస్య కాబట్టి ఆకాశం నల్లగా ఉంటుంది, కానీ ఎనిమిదిన్నర దాటితే పొగ కమ్మేస్తుంది. అందుకే చీకటి పడగానే మొదలుపెట్టాలి. చిచ్చుబుడ్లు, తారాజువ్వల కంటే నాకు ఇష్టమైంది అంతకు ముందు పిల్లలు గోగుపుల్లలకు గుడ్డ వత్తులు కట్టి, వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి" అంటూ నేలకు కొట్టడం. నాలుగు సెకన్ల షట్టర్‌లో పిల్లలు కనిపించరు, మంట పైకీ కిందికీ ఆడిన గీతలే కనిపిస్తాయి. ఒకరి ముఖమైనా కావాలంటే ఆ పిల్లను కదలకుండా నిలబడమనాలి. దీపావళి రోజు ఏ పిల్ల కదలకుండా నిలబడుతుంది?

క్రిస్మస్‌కి పాతపోస్టాఫీసు వైపు వెళ్తాం. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, పక్క కొండ మీద దర్గా, ఆ పక్కన వెంకటేశ్వరస్వామి గుడి. కింద సందుల్లో ఇంటింటికీ కాగితం నక్షత్రాలు. అక్కడ జాగ్రత్త: ఆ పక్కనే పోర్టు, నేవీ స్థలాలు. కెమెరా అటు తిప్పకూడదు. ఫోనుతో వందమంది తీస్తున్నా ఎవరూ అడగరు గానీ ట్రైపాడ్ నిలబెట్టగానే "ఏం షూటింగ్? పర్మిషన్ ఉందా?" అని వస్తారు. ఒక చోట సెక్యూరిటీ ఆయన అలాగే వచ్చి, నాన్న పాత లైన్‌మన్ అని తెలిసి, వాళ్ల ఇంటి మీటరు గురించి అరగంట మాట్లాడాడు. నీలం వెలుగు కాస్తా పోయింది.

ఉప్పుగాలి దీన్ని బాగా తినేసింది. రెండో ఏడాదికే స్క్రూలు తుప్పుపట్టాయి. ఒక కాలి రబ్బరు బూటు ఇసుకలో పోయింది. కెమెరా కింద బిగించే ప్లేటు ఒకసారి పోగొట్టుకుంటే, షాపులో కొన్నది ఒక పిసరు వెడల్పు ఎక్కువై పట్టలేదు. 2021లో రెండో కాలి క్లిప్ లాకు పగిలింది. సర్వీసు వాళ్లను అడిగితే ఆ ముక్క రావడం లేదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. నాన్న హార్డ్‌వేర్ షాపుకెళ్లి పైపులకు బిగించే క్లాంపు ఒకటి తెచ్చి బిగించాడు, దాని మీద నల్ల టేపు చుట్టాడు. అప్పటి నుంచి ఆ కాలు సాగదీయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. మిగతా రెండు కాళ్ల లాకుల కంటే అదే గట్టిగా ఉంది. బీచ్ నుంచి వచ్చిన ప్రతిసారీ కాళ్లు పూర్తిగా సాగదీసి మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, స్క్రూలకు పెట్రోలియం జెల్లీ పూస్తాం. నూనె వెయ్యొద్దు, ఇసుక పట్టేస్తుంది.

ఫోన్లలో నైట్ మోడ్ వచ్చాక ఇదంతా ఎందుకని మా తమ్ముడు అడుగుతాడు. నిజమే, మనిషి నిలబడి వెనుక దీపాలతో ఒక ఫొటో కావాలంటే ఫోనే మేలు, నేనూ అదే వాడతాను. కానీ ఫోను చాలా ఫొటోలు కలిపి చీకటిని తేల్చేస్తుంది. నాన్న ఒకసారి చూసి, "ఇది రాత్రి కాదే, మబ్బు పట్టిన సాయంత్రం" అన్నాడు. బస్సు గీత, పద్నాలుగు కిరణాలు, గోగుపుల్లల మంట ఫోనులో నాకు ఇలా రాలేదు. ఇంకోటి, ఫోనుకి గొడుగు పట్టే మనిషి, లెక్కపెట్టే మనిషి అక్కర్లేదు. ఒక్కరే వెళ్లి తీసుకునేవాళ్లకు కిలోన్నర బరువు మోయమని నేను చెప్పను. ఇద్దరు వెళ్లేటట్టయితే కొనండి. కానీ క్లిప్ లాకులు కాకుండా తిప్పి బిగించే లాకులున్నది చూడండి, కాళ్లు మూడు ముక్కలవైతే ఇంకా మంచిది.

నేవీ డే ప్రధాన విన్యాసాలు 2023లో సింధుదుర్గ్‌కి, 2024లో పూరీకి వెళ్లాయి. మాకు మళ్లీ 2025 జనవరి 4న ఆర్కే బీచ్‌లో చూపించారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అందుకే ఈసారి మడత స్టూలు కూడా మోశాం. ఆయన కూర్చునే లెక్కపెట్టాడు. ఇంటికొచ్చాక ఫొటోలు కంప్యూటర్‌లో వేస్తే, ఓడల వైపు చూడకుండా ఒక మూలకు వేలు పెట్టి పెద్దది చెయ్యమన్నాడు. బీచ్ రోడ్డు దీపాల వరసలో ఒకటి వెలగడం లేదు.

"ఆ ఫొటో ఓటి కంప్లయింట్‌లో పెట్టమ్మీ. ఎడం చేతి వైపు నుంచి పదకొండో స్తంభమని రాయి."