కెనాన్ 1500డీ నుంచి ఆర్10కి: బాడీ మార్చాలా, లెన్స్ మారిస్తే సరిపోతుందా?

వైజాగ్ ఉప్పుగాలికీ ఉక్కపోతకీ బాడీ (లెన్స్ తీసేసిన కెమెరా) కన్నా ముందు లెన్స్ పోతుంది. 1500డీ ఫొటోలు మసకగా వస్తున్నాయని ఆర్10 మీద మనసు పడినవాళ్లు ముందు లెన్స్ ఊడదీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు వైపు నుంచి ఏటవాలుగా చూడాలి. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే. పైపైన తుడిస్తే పోదు, విప్పి క్లీన్ చేయించాలి. అదే లెన్స్ కొత్త బాడీకి ఎక్కిస్తే ఆ మసకే 4కెలో కనిపిస్తుంది, అంతే తేడా.

లెన్స్ శుభ్రంగానే ఉంటే ఇబ్బంది ఎక్కడో తేల్చుకోవాలి. 2018 నాటి 1500డీది 24.1 మెగాపిక్సెల్, 2022 నాటి ఆర్10ది 24.2. సెన్సర్ సైజు ఒకటే. కైలాసగిరి మీంచి ట్రైపాడ్ వేసి రాత్రి ఊరిని తీస్తే రెండింటికీ పెద్ద తేడా కనపడదు. ఫంక్షన్ హాల్లో వెలుతురు చాలడం లేదంటే కొనాల్సింది 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ 55 ఎంఎం దగ్గర ఎఫ్/5.6 దాకానే తెరుచుకుంటుంది. దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు ఈ 50 ఎంఎంలోకి వస్తుంది, 1/15 సెకను షట్టర్ దగ్గర కదిలిపోయే ఫొటో 1/125లో నిలబడుతుంది. ఆర్10 బాడీలో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదన్నది చాలామంది కొన్నాకే గమనిస్తారు.

ఆర్10 డబ్బుకు తగ్గ పని చేసేది ఫోకస్‌లో. ఫిషింగ్ హార్బర్‌లో పడవల మీద తిరిగే గద్దను తీసి చూడండి. 1500డీకి ఉన్నవి 9 ఫోకస్ పాయింట్లు, గట్టిగా పట్టేది మధ్యది ఒక్కటే. పక్షి కాస్త పక్కకి జరిగితే ఫోకస్ వెళ్లి వెనక పడవ కొయ్యని పట్టుకుంటుంది. పైగా సెకనుకి 3 ఫ్రేములే. ఆర్10లో సబ్జెక్ట్‌ని జంతువులకి మార్చి, కదిలేదాన్ని వెంబడించే సర్వో ఫోకస్‌లో పెడితే పక్షి కన్ను పట్టుకుని వదలదు. మెకానికల్ షట్టర్‌తో సెకనుకి 15 ఫ్రేములు. రా (RAW) ఫైళ్లు తీస్తే రెండు సెకన్లకే బఫర్, అంటే కెమెరా తాత్కాలిక మెమరీ, నిండిపోతుంది కాబట్టి వేగంగా రాసే యూహెచ్ఎస్-2 కార్డు వేయాలి. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో 23 వస్తాయి గానీ, నేవీ విన్యాసాల్లో హెలికాప్టర్ రెక్కలు ఫొటోలో కొడవళ్లలా వంగిపోతాయి. దాని జోలికి పోకపోవడమే మంచిది. వీడియో తీసేవాళ్లకి చర్చే అక్కర్లేదు, 1500డీలో 4కె లేదు.

ఆర్10 కొంటే బాడీ ఒక్కటే తీసుకుని, పాత లెన్సుల్ని దానికి బిగించే ఈఎఫ్ అడాప్టర్ వేసుకోవడం నయం. అడాప్టర్ లోపల లెన్స్ గాజు ఉండదు కాబట్టి పాత లెన్సుల క్వాలిటీ తగ్గదు. ఆర్10తో వచ్చే 18-45 కిట్ లెన్స్ ఎఫ్/4.5-6.3, పాతదానికన్నా చీకటి. పాత బ్యాటరీలు పట్టవు, కొత్తవి ఎల్‌పీ-ఈ17. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ చార్జింగ్ లాగేస్తుంది, పెళ్లికి వెళ్తే రెండు స్పేర్లు ఉండాల్సిందే.

షాపుకి మీ లెన్సు, మీ కార్డు, పాత బాడీ తీసుకెళ్లండి. గుమ్మం దగ్గర నిలబడి, సర్వోలో 1/1000 పెట్టి, ఎదురొచ్చే ఆటోలను రెండు కెమెరాలతో ముప్ఫయ్యేసి ఫొటోలు తీసి, జూమ్ చేసి ఎన్ని షార్ప్‌గా ఉన్నాయో లెక్కపెట్టండి. ఏసీలోంచి బయటికి రాగానే మాత్రం తీయొద్దు. లెన్స్ మీద ఆవిరి పడుతుంది. పావుగంట బ్యాగులోనే ఉంచండి, లేకపోతే ఆ మసక కూడా పాత కెమెరా ఖాతాలోనే పడుతుంది.