కొత్త పూల్‌లో పాచి పట్టింది, ఏది మేలు: ట్యాబ్లెట్లా, బ్లీచింగ్ పౌడరా, లిక్విడ్ క్లోరినా?

మా బావగారు చేవెళ్ళ వైపు తోటలో పూల్ కట్టించి ఇంకా నెల కాలేదు, పోయిన వారం వెళ్ళి చూస్తే నీళ్ళు పాలకూర ఉడికిన నీళ్ళలా ఉన్నాయి, మెట్టు మీద కాలు పెడితే జర్రున జారుతోంది. కట్టినాయన ఒక క్లోరిన్ ట్యాబ్లెట్ల డబ్బా చేతిలో పెట్టి వారానికి రెండు వేసుకోండి అని చెప్పి వెళ్ళిపోయాడట, వాచ్‌మన్ బ్లీచింగ్ పౌడర్ చల్లుదామంటాడు, పక్క తోటాయనేమో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే ఒక్కరోజులో పోతుందన్నాడు. మా అపార్ట్‌మెంట్ పూల్ నాలుగేళ్ళుగా నేనే చూస్తున్నా కాబట్టి బావగారు నన్నడిగారు, ఆయనకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ఏది వెయ్యాలన్నది తర్వాత, ముందు పిహెచ్ (నీళ్ళలో ఆమ్లగుణం, క్షారగుణం చెప్పే కొలత) చూడండి. మన బోరు నీళ్ళకి కొత్త సిమెంటు, టైల్స్ మధ్య గ్రౌట్ తోడైతే పిహెచ్ పైకే పోతుంది, బావగారి దాంట్లో 8 దాటేసింది. పిహెచ్ 8 దగ్గర వేసిన క్లోరిన్‌లో పావు వంతే పాచిని చంపే రూపంలో ఉంటుంది, 7.2కి దించితే మూడింట రెండు వంతులు పనిచేస్తుంది, అంటే అదే డబ్బుకి రెండింతల పైన పని. అందుకే పంపు నడుస్తుండగా హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కొంచెం కొంచెంగా పోసి 7.2కి తెచ్చాం (బకెట్‌లో ముందు నీళ్ళు, తర్వాత ఆసిడ్, తిరగేసి ఎప్పుడూ చెయ్యొద్దు). కొత్త సిమెంటు కొన్ని వారాలు మళ్ళీ మళ్ళీ పైకి లాగుతూనే ఉంటుంది, రోజూ చూసుకోవాల్సిందే.

ఇప్పుడు లెక్క. పూల్ 10 మీటర్లు, 5 మీటర్లు, సగటున 1.2 మీటర్ల లోతు, అంటే 60 వేల లీటర్లు. పాచి చావాలంటే క్లోరిన్ 10 పిపిఎం (లీటరుకి 10 మిల్లీగ్రాములు) దాకా లేపాలి, దానికి 600 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. అది 10 శాతం లిక్విడ్ క్లోరిన్‌లో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) అయితే 6 లీటర్లు, 30 శాతం బ్లీచింగ్ పౌడర్‌లో అయితే 2 కిలోలు, 90 శాతం ట్యాబ్లెట్లలో అయితే 670 గ్రాములు. చూడ్డానికి ట్యాబ్లెట్టే చవకగా, చిన్నగా ఉంది కదా, కానీ అది మెల్లిగా కరుగుతుంది, పాచి దానికంటే వేగంగా పెరుగుతుంది. ఇంకో సంగతి, ఈ ట్యాబ్లెట్‌లో (అసలు పేరు టిసిసిఎ) క్లోరిన్‌తో పాటు స్టెబిలైజర్ కూడా ఉంటుంది, అదే సయానురిక్ ఆసిడ్. ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా అది కాపాడుతుంది, 30 నుంచి 50 పిపిఎం దాకా ఉంటే మంచిదే. కానీ క్లోరిన్ ఖర్చైపోయినా అది నీళ్ళలోనే ఉండిపోతుంది. 200 గ్రాముల ట్యాబ్లెట్ రోజుకొకటి చొప్పున వేస్తే రోజుకి 1.8, నెలకి 54 పిపిఎం పోగవుతుంది, రెండు నెలలకి వంద దాటుతుంది, అక్కడ మళ్ళీ పాచి పడితే 10 కాదు, 40 పిపిఎం క్లోరిన్ కావాలి. దాన్ని తగ్గించాలంటే సగం నీళ్ళు పారబోసి కొత్తవి పట్టాలి. మే నెలలో, బోరు గంటకే ఆగిపోయే చోట, 30 వేల లీటర్లు పారబోయడం నాకైతే ప్రాణం ఒప్పదు.

బ్లీచింగ్ పౌడర్ ఊళ్ళో ఎక్కడైనా దొరుకుతుంది, అదొక్కటే దాని గొప్ప. సగానికి పైన సున్నం సరుకే, బోరు నీళ్ళలో కాల్షియం ముందే ఎక్కువ, అది ఇంకా పెరిగి టైల్స్ మీద తెల్లగా పేరుకుంటుంది, ఫిల్టర్ ఇసుక గట్టిపడుతుంది, నీళ్ళు పాలలా అయితే చచ్చిన పాచో సున్నమో కూడా తెలీదు. వేరే గతిలేక వాడితే బకెట్‌లో కలిపి గంటలు ఆగి పైన తేట మాత్రమే పొయ్యండి. అన్నిటికంటే ముఖ్యం, దయచేసి గుర్తుపెట్టుకోండి, పౌడర్ కొలిచిన మగ్గుతో ట్యాబ్లెట్లు ముట్టుకోవద్దు, రెండూ కలిస్తే నిప్పంటుకుంటుంది, పేలుతుంది కూడా. ఆసిడ్ క్యానూ క్లోరిన్ క్యానూ ఒకే అరలో పెట్టొద్దు, కలిస్తే వచ్చే గ్యాస్ ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది.

మైలుతుత్తం గురించి ఒక్క మాట, వద్దు. పిహెచ్ ఎక్కువున్న గట్టి నీళ్ళలో రాగి విడిపోయి మరకలు పడతాయి, పిల్లల జుట్టు పచ్చబడుతుంది, చచ్చిన పాచిని అది కాల్చదు కూడా.

కాబట్టి నా ఓటు లిక్విడ్‌కే. పోసిన వెంటనే పని మొదలుపెడుతుంది, ఉప్పు తప్ప ఏం మిగల్చదు. ఇబ్బందులు లేవని కాదు, మన ఎండల్లో క్యాన్ రెండు మూడు వారాలు ఉంటే బలం బాగా పడిపోతుంది, అందుకే తాజా సరుకు కొంచెం కొంచెంగా తెచ్చుకుని నీడలో పెట్టాలి, బట్టల మీద పడితే ఇక ఆ బట్టలు పోయినట్టే. స్టెబిలైజర్ లేని పూల్‌లో మధ్యాహ్నం పోస్తే గంటలోపే సగం ఎగిరిపోతుంది, కాబట్టి పొద్దు గూకాకే పొయ్యాలి. బావగారి పూల్‌లో స్టెబిలైజర్ 15 కూడా లేదు, అందుకే పాచి పోయాక పది రోజులు మాత్రం ఆ ట్యాబ్లెట్లే రోజుకొకటి వాడి 30కి తెచ్చుకోండి, తర్వాత డబ్బా మూసేసి లిక్విడ్ మీదే ఉండండి అన్నాను.

రోజూ సాయంత్రం లిక్విడ్ పోశాం, గోడలు, మెట్లు, మూలలు బ్రష్‌తో గట్టిగా రుద్దాం (రుద్దకపోతే పైపొర కింద పాచి బతికే ఉంటుంది), పంపు రాత్రింబవళ్ళు నడిచింది, ఫిల్టర్ ప్రెషర్ గేజ్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేశాం (నీళ్ళు వెనక్కి తిప్పి పంపి ఫిల్టర్ కడగడం). మూడో రోజుకి పచ్చ పోయి బూడిద రంగుకొచ్చింది, అడుగున పడింది వాక్యూమ్‌తో ఫిల్టర్‌లోకి పోనివ్వకుండా బయటికే లాగేశాం.

ఇంక చాలు అని ఎప్పుడు ఆపాలో కళ్ళతో చూసి చెప్పలేం. రాత్రి ఒకసారి, తెల్లారి ఎండ పడకముందు ఒకసారి క్లోరిన్ చూడండి, తేడా 1 పిపిఎం లోపు ఉంటే పాచి చచ్చినట్టు. నిన్న పొద్దున బావగారు ఫోన్ చేసి రాత్రి 6 ఉన్నది 5.5 అయింది, అడుగు టైల్స్ గీతలు కూడా కనిపిస్తున్నాయి, పిల్లల్ని దింపనా అన్నారు. 3కి దిగేదాకా ఆగండి బావా, రేపు సాయంత్రం దింపుదాం అన్నాను.