కుటుంబంతో సహా ఒక సంఘంలో చేరాము: ఏడు నెలల తరువాత సమీక్ష

ఉద్యోగరీత్యా ఊరు మారిన తరువాత మా కుటుంబం దాదాపు పది నెలలు ఏ క్రైస్తవ సంఘంలోనూ సభ్యత్వం లేకుండా గడిపింది. ఆ కాలంలో నాలుగు సంఘాలకు వెళ్లాము. మొదటి ఆదివారం అందరూ ఆప్యాయంగానే పలకరిస్తారు. అక్కడివారు తమలో తాము ఎలా మెలుగుతారో నాలుగో ఆదివారానికి గానీ కనబడదు. అందుకే ఒక్కొక్క చోట తక్కువలో తక్కువ నాలుగు ఆదివారాలు ఆరాధనలో కూర్చున్నాము. చివరికి నాలుగో సంఘంలో చేరి ఇప్పటికి ఏడు నెలలైంది. ఏ సంఘం పేరూ ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే మేము చూసిన మంచిచెడ్డలు ఏ సంఘంలోనైనా ఎదురయ్యేవే.

మా ఇంట్లో మొదట తేలవలసిన విషయం బాప్తిస్మం, అంటే క్రైస్తవ విశ్వాసంలోకి ప్రవేశించే నీటి సంస్కారం. నేను పసితనంలో బాప్తిస్మం పొంది, పద్నాలుగో ఏట కన్ఫర్మేషన్ (పసితనంలో పొందిన బాప్తిస్మపు విశ్వాసాన్ని ఎదిగాక తానుగా ఒప్పుకునే ఆచారం) తీసుకున్నాను. మావారు పెద్దయ్యాక, తానుగా విశ్వాసాన్ని ఒప్పుకుని, నీటిలో మునిగి బాప్తిస్మం పొందారు. కతోలిక, ఆర్థొడాక్స్, లూథరన్, ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, మెథడిస్టు సంఘాలు పసిపిల్లలకు బాప్తిస్మమిస్తాయి. బాప్టిస్టు, పెంతెకొస్తు, అడ్వెంటిస్టు సంఘాలు విశ్వసించి అడిగినవారికే ఇస్తాయి, బ్రదరెన్ సహవాసాల్లోనూ ఎక్కువగా అదే పద్ధతి. ఇలాంటి దంపతులు ఒక సంఘంలో చేరదలచుకుంటే, వారిలో ఒకరిని మళ్లీ బాప్తిస్మం తీసుకోమంటారా అన్నది మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి. 1982లో పెరూ దేశపు లీమాలో అనేక సంఘాల ప్రతినిధులు ఆమోదించిన పత్రం, బాప్తిస్మం ఒక్కసారే జరిగేదనీ, రెండోసారి ఇచ్చినట్టు కనబడే ఏ పనీ చేయకూడదనీ చెప్పింది. అయితే ఆ మాట పాటించాలన్న కట్టుబాటు ఏ సంఘానికీ లేదు. మేము చూసిన మూడో సంఘంలో పెద్దలు ఎంతో మర్యాదగా, కానీ స్పష్టంగా, నా బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోలేమని చెప్పారు. నాకు బాధ కలిగింది. అయినా సభ్యత్వం ఇచ్చే రోజు వరకు దాచకుండా ముందే చెప్పినందుకు వారిని నేటికీ గౌరవిస్తాను.

ప్రభు భోజనం, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం విషయంలోనూ ఇలాంటి తేడాలే ఉన్నాయి. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో సంఘ సంస్కర్తలు లూథరు, జ్వింగ్లీ కలుసుకున్నప్పుడు పద్నాలుగు అంశాల్లో ఏకీభవించి, పదిహేనో అంశంలో ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయారు: రొట్టెలో, ద్రాక్షారసంలో క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉంటాయా? ఆ ప్రశ్న దాదాపు ఐదు వందల సంవత్సరాలుగా ఎన్నో సంఘాలను వేరుగానే ఉంచింది. కుటుంబానికి దీనివల్ల కలిగే ఫలితం చాలా ఆచరణాత్మకమైనది: బల్ల దగ్గరకు ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లగలరా, లేక ఒకరు బెంచీలోనే కూర్చుండిపోవాలా? ఆర్థొడాక్స్ సంఘాల్లో పసిబిడ్డకు కూడా బాప్తిస్మమైన వెంటనే ప్రభు భోజనం అందుతుంది. మరికొన్ని సంఘాల్లో కన్ఫర్మేషన్ దాకా ఆగాలి. మా ఎనిమిదేళ్ల అబ్బాయి ప్రతిసారీ అమ్మానాన్నలను చూస్తూ ఒంటరిగా కూర్చోవడం నేను తేలికగా తీసుకోలేకపోయాను.

ఇప్పుడు మొదటి సంఘం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ ప్రశ్న అడగాలో మేము నేర్చుకున్నది అక్కడే. అది చాలా పెద్ద సంఘం. పాటలు బాగుండేవి, వాద్యాలు బాగుండేవి, ప్రసంగం కన్నీళ్లు తెప్పించేది. మా పద్నాలుగేళ్ల అమ్మాయి ఆదివారం కోసం ఎదురుచూడడం నేను మొదటిసారి చూసింది అక్కడే, కాబట్టి ఆ ఆరాధనను తక్కువ చేసి మాట్లాడలేను. నాలుగో వారం భవన నిర్మాణానికి ప్రత్యేక కానుక అడిగారు. ఇచ్చిన డబ్బుకు లెక్కలు ఎవరు చూస్తారని మావారు వినయంగానే అడిగారు. అభిషిక్తుని (దేవుడు ఏర్పరచుకున్నవాని) మీద చెయ్యి ఎత్తకూడదన్నదే ఆయనకు వచ్చిన జవాబు. తరువాత విచారిస్తే, ట్రస్టులో ఉన్నవారంతా కాపరిగారి (పాస్టరుగారి) కుటుంబ సభ్యులేనని తెలిసింది.

ఆ జవాబును నేను ఇంటికి వచ్చి బైబిలు వాక్యంలో వెదికాను. దావీదు గుహలో తనను చంపజూస్తున్న అభిషిక్తుడైన రాజు సౌలు మీద చెయ్యి ఎత్తలేదన్నది నిజం. కానీ అదే అధ్యాయంలో అతడు గుహ బయటికి వచ్చి, రాజును కేకవేసి పిలిచి, నీవు చేస్తున్నది అన్యాయమని అందరూ వినేలా చెప్పాడు. తరువాత దావీదే రాజై తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఎదుట నిలబడి, ఆ మనిషివి నీవే అన్నాడు. అంతియొకయలో అపొస్తలుడైన పేతురును మరో అపొస్తలుడైన పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. కానుకల విషయంలోనైతే, తన మీద నింద రాకుండా, సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి వెంటబెట్టుకుని వెళుతున్నానని పౌలు కొరింథీయులకు తానే వ్రాశాడు. అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మన కాపరులకు అవమానం ఎలా అవుతుంది? అప్పటినుండి ప్రతి సంఘంలోనూ మేము అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: కాపరిగారు తప్పు చేస్తే ఆయనకు కాదని చెప్పగలిగే అధికారం ఎవరికి ఉంది?

ఈ ప్రశ్నకు జవాబు సంఘ పరిపాలనను బట్టి మారుతుంది. కొన్ని సంఘాల్లో బిషప్పుకు, కొన్నింటిలో ఎన్నికైన పెద్దల సభకు, కొన్నింటిలో సభ్యులందరి ఓటుకు ఆ అధికారం ఉంటుంది. మూడు పద్ధతులనూ వాక్యంతో సమర్థించేవారున్నారు, మూడింటిలోనూ మంచి కాపరులున్నారు. ఫలానా పద్ధతే సరైనదని నేను వాదించను. ఏ పద్ధతీ లేని చోట మాత్రం పిల్లలను తీసుకుని చేరకండి.

రెండో సంఘం ప్రాచీన ఆరాధన క్రమాన్ని పాటించేది. నీకయ విశ్వాస ప్రమాణాన్ని (క్రైస్తవ విశ్వాసాన్ని క్లుప్తంగా చెప్పే ప్రాచీన పాఠాన్ని) అందరూ లేచి నిలబడి ఒకే గొంతుతో చెప్పినప్పుడు, 325లో మొదలై 381లో పూర్తి రూపం పొందిన మాటలు మా పిల్లల నోట పలుకుతున్నాయని నాకు ఎంతో సంతోషం కలిగింది. కానీ అక్కడ మా పిల్లల వయస్సువారు దాదాపు లేరు, ఆదివారపు బడి ఏనాడో ఆగిపోయింది. పెద్దవాళ్లు ఇద్దరమే అయితే నేను అక్కడే ఉండిపోయేదాన్ని.

మేము చేరిన సంఘంలో పదిమంది పెద్దల సభ ఉంది. వారిని సభ్యులు మూడేళ్లకొకసారి ఎన్నుకుంటారు, కాపరిగారి బంధువులు అందులో ఉండకూడదన్నది వారి నియమావళిలో వ్రాసి ఉంది. ఆ పుస్తకాన్ని మేము అడగకముందే మా చేతిలో పెట్టారు. కానుకలను బంధుత్వం లేని ఇద్దరు కలిసి లెక్కించి సంతకం చేస్తారు, తనిఖీ అయిన లెక్కలను ఏడాదికొకసారి సభ్యుల ముందు చదువుతారు. మేము అక్కడికి వెళ్లడం మొదలుపెట్టిన రెండో నెలలోనే అలాంటి సభ జరిగింది. ఒక వృద్ధురాలు లేచి మరమ్మతుల ఖర్చు గురించి చాలా సూటిగా అడిగారు. కాపరిగారు ముఖం చిన్నబుచ్చుకోకుండా, అది తన పొరపాటేనని, పెద్దలకు చెప్పకుండా పని అప్పగించానని ఒప్పుకున్నారు. ఆ మరుసటి ఆదివారం ఆమె ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చున్నారు, ఆయన ఆమె దగ్గరకు వెళ్లి ప్రార్థన చేశారు. మేము సభ్యత్వ పత్రం నింపింది ఆ వారంలోనే.

ఆదివారపు బడి గురించి కూడా మంచి మాటే చెప్పాలి. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన బడి, వారమంతా పని చేసే పేద పిల్లలు తామే చదువుకోగలగాలన్న ఉద్దేశంతో నడిచింది. ఇక్కడి ఉపాధ్యాయులలో ఆ ఉద్దేశం ఇంకా ఉంది. కంఠస్థ వాక్యాలతో పాటు, ఆ వాక్యం ఎవరు ఎవరికి ఎందుకు చెప్పారో పిల్లలే వెదకాలి. ఏ గదిలోనూ ఒక పెద్దమనిషి పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరుండాలి, తలుపుకు అద్దం ఉండాలి అన్న నియమం ఖచ్చితంగా అమలవుతుంది. ఇలాంటి నియమం ఉందా అని అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడకూడదు.

లోపాలూ ఉన్నాయి. ప్రసంగం నలభై ఐదు నిమిషాలు దాటుతుంది, చివరి పదిహేను నిమిషాలు చెప్పినదే మళ్లీ చెప్పడం తరచుగా జరుగుతుంది. పాటల విషయంలో మొదటి సంఘంతో పోలికే లేదు. మా అమ్మాయి ఈ మాట నెలకొకసారైనా అంటుంది, దానిని నేను కొట్టిపారేయలేను. యువతకు వేరే కూడిక లేదు. తన వయస్సు స్నేహితులు లేని సంఘంలో ఆమె ఎంతకాలం ఉండగలదన్న చింత నాకు ఉంది. పెద్దల సభలో స్త్రీలు ఇద్దరే ఉన్నారు. ఏ నిర్ణయమైనా సభ ద్వారా రావాలి కాబట్టి చిన్న పని కూడా నెలల తరబడి సాగుతుంది. వేగంగా ఎదుగుతున్న, ఉత్సాహం నిండిన సంఘం కావాలనుకునేవారికి ఇది సరిపోకపోవచ్చు. భిన్నమైన సంప్రదాయాల నుండి వచ్చిన దంపతులకు, ప్రశ్నలడిగే పిల్లలున్నవారికి సరిపోతుంది.

నా బాప్తిస్మాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టుగా అంగీకరించారు. మా అబ్బాయి బాప్తిస్మం మాత్రం ఇంకా తేలలేదు. వాడు తానే అడిగేదాకా ఆగుదామని మావారు, ఇప్పుడే ఇప్పిద్దామని నేను అనుకుంటున్నాము. కాపరిగారు రెండుసార్లు మా ఇంటికి వచ్చి ఇద్దరి మాటా విన్నారు, రెండు పద్ధతులకూ సంఘంలో చోటుందని చెప్పారు, తొందరేమీ లేదన్నారు. మొన్న ఆదివారం వాడే ఆయన దగ్గరకు వెళ్లి, నీళ్లు చల్లగా ఉంటాయా అని అడిగాడు.