సెడార్ చెక్క పిచ్చుక గూళ్లు: చెన్నై ఎండావానల్లో వాడి చూశాక

పిచ్చుక గూడు ఏ చెక్కతో చేయిస్తే మంచిదని అడిగే వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: చెన్నైలో అయితే వెస్టర్న్ రెడ్ సెడార్. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రాకముందే మా తండయార్‌పేట ఇంటి సన్‌షేడ్ కింద బిగించిన సెడార్ గూళ్లు ఇవాళ్టికీ వంకర పోలేదు, కీళ్లు వదలలేదు. వాటి పక్కనే పెట్టిన ప్లైవుడ్ గూడు మాత్రం ఆ వానలకే అంచుల్లో ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయింది.

ఈ చెక్క ఎక్కువగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి వస్తుంది. మన హిమాలయాల దేవదారునూ సెడార్ అనే అంటారు గానీ అది వేరే జాతి. టింబర్ డిపోలో ఏది ఇస్తున్నారో అడిగి తీసుకోండి. చేవ భాగమే, అంటే మాను మధ్యలోని ముదురు రంగు చెక్కే, కావాలని కూడా గట్టిగా చెప్పండి. చెక్కకు కుళ్లు పట్టకుండా అడ్డుకునే థుజాప్లిసిన్లు అనే సహజ పదార్థాలు ఉండేది చేవలోనే. అంచున తెల్లగా కనిపించే భాగానికి ఆ శక్తి లేదు. చేవ చెక్కయితే మందు పుయ్యక్కర్లేదు, వార్నిష్ అక్కర్లేదు. ఇంకా రెక్కలు రాని పిల్లలు ఒళ్లు ఆనించి పడుకునే చోట రసాయనాల వాసన లేకపోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద లాభం.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. "టేకు ఉండగా ఈ తేలిక కర్ర ఎందుకు సార్?" అన్నాడు మా వడ్రంగి. ఆ తేలికతనమే ఇక్కడ పనికొచ్చేది. టేకు ఘనపు మీటరుకు 650 కిలోల దాకా తూగితే, ఇది సుమారు 370 కిలోలే. చెక్క కణాల్లోని సన్నని ఖాళీల్లో గాలి ఎక్కువ కాబట్టి వేడి నెమ్మదిగా దిగుతుంది. మేలో మధ్యాహ్నం గూటి పైకప్పు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఖాళీగా ఉన్న గూటి తలుపు తీసి అదే పలకను లోపలివైపు తాకితే గోరువెచ్చగా ఉంటుంది. మావి ముప్పావు అంగుళం పలకలు, అంతకన్నా పల్చన వద్దు. ఎంత మంచి చెక్కయినా పడమటి ఎండ తగిలే గోడకు మాత్రం బిగించకండి.

లోపలివైపు చిత్రిక పట్టించలేదు. రంపం కోత గరుకు అలాగే ఉంటే పిల్లలు గోళ్లు ఆనించి కన్నం దాకా పాక్కుంటూ వస్తాయి. అలా వచ్చి తల బయటపెట్టి, పసుపు అంచుల నోరు తెరిచి తల్లి కోసం అరిచే పిల్లను చూస్తే పెట్టిన ఖర్చు గుర్తుకు రాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. తొలి వానలకు చెక్కలోంచి గోధుమరంగు నీళ్లు కారి, సున్నం వేసిన గోడ మీద చారలు పడ్డాయి. చెక్కలోని టానిన్ల వల్ల మామూలు ఇనుప మేకుల చుట్టూ నల్లటి మరకలు వస్తాయి, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి. అంచుల దగ్గర ముందుగా డ్రిల్లు వేయకపోతే పలక చీలుతుంది. పైగా ఇది మెత్తని కర్ర. ఉడుత కొరికి కొరికి ఒక గూటి కన్నాన్ని పెద్దది చేస్తే, గోరింక వచ్చి తల దూర్చడం మొదలుపెట్టింది. 32 మిల్లీమీటర్ల కన్నం ఉన్న స్టీలు బిళ్ల బిగించాక ఆ బెడద పోయింది. ఎర్రగా ఉన్న చెక్క ఎండకు బూడిదరంగుకు తిరిగింది, దాని వల్ల నష్టమేమీ లేదు.

కోసేవాళ్లకు మాస్కు తప్పనిసరి. ఈ చెక్క పొట్టులోని ప్లికాటిక్ ఆమ్లం ఆస్తమా తెప్పిస్తుంది. వడ్రంగి నవ్వేసినా వినకండి, మాస్కు కట్టించే పని మొదలుపెట్టించండి.

కొత్త పలక కొంటే ఖరీదు ఎక్కువే. గోడలకు చెక్క తొడిగే పనులు, సౌనా గదుల పనులు చేసేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు అడిగి చూడండి, గూటికి కావాల్సింది మూరెడు పలకలేగా. అడుగున నీళ్లు పోయే చిల్లులు, పైకప్పు కింద గాలి చిల్లులు మాత్రం వేయించడం మరవొద్దు. పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసి, ఒక పూట ఎండబెట్టి మళ్లీ బిగిస్తే సరిపోతుంది.