రెడిస్‌లో డేటా పోకుండా ఉండాలంటే: ఆర్‌డీబీ మేలా, ఏఓఎఫ్ మేలా?

డేటాను మెమరీలోనే ఉంచుకుని నడిచే రెడిస్ డేటాబేస్‌ని ఒట్టి క్యాష్‌గా, అంటే పోయినా ఫర్వాలేని తాత్కాలిక నిల్వగా వాడేవాళ్లకు ఈ సందేహం రాదు. జాబ్ క్యూలు, కార్ట్‌లు, రివార్డ్ పాయింట్లు అందులోనే ఉంచడం మొదలుపెట్టినవాళ్లు మాత్రం ఈమధ్య పదేపదే అడుగుతున్నారు: ఆర్‌డీబీ (అప్పుడప్పుడు మొత్తం డేటాను డిస్కుకి దించే నకలు, అంటే స్నాప్‌షాట్) సరిపోతుందా, ఏఓఎఫ్ (ప్రతి మార్పునూ ఫైల్లో రాసుకునే లాగ్) కూడా ఆన్ చేయాలా? రెండింటికీ నా లెక్క ఇది.

ముందుగా ఆర్‌డీబీకి దక్కాల్సిన మెప్పు. రెడిస్ ఫోర్క్ చేసిన (తన నకలుగా పుట్టించిన) పిల్ల ప్రాసెస్ మొత్తం డేటాను తాత్కాలిక ఫైల్లోకి రాసి, పూర్తయ్యాకే దాన్ని పాత ఫైల్ స్థానంలో పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాత స్నాప్‌షాట్ చెక్కుచెదరదు. ఫైల్ చిన్నది, త్వరగా లోడవుతుంది, బ్యాకప్‌కి ఇంతకన్నా తేలికైనది లేదు.

చిక్కంతా రెండు స్నాప్‌షాట్ల మధ్య ఉంది. రెడిస్ 7 డిఫాల్ట్ ప్రకారం గంట గడిచి ఒక్క మార్పైనా, 5 నిమిషాలు గడిచి 100 మార్పులైనా, నిమిషం గడిచి 10,000 మార్పులైనా ఉంటేనే సేవ్ మొదలవుతుంది. గంటకు 90 రైట్లు (డేటా మార్పులు) వచ్చే చిన్న షాపు అనుకోండి. 59వ నిమిషంలో మెషీన్ ఆగిపోతే ఆ గంట ఆర్డర్లన్నీ పోయినట్టే. సెకనుకు 100 రైట్లు వచ్చే పెద్ద సైటైనా పదివేల రైట్ల దాకా మెమరీలోనే ఉంటాయి.

ఏఓఎఫ్ పాతకాలం షావుకారు చిట్టా లాంటిది, జరిగింది జరిగినట్టు వరసగా రాసుకుంటూ పోతుంది. అయితే ఏఓఎఫ్ ఆన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఇక్కడే ఉంది. ఫైల్‌కి రాయడం వేరు, డిస్కుకి చేరడం వేరు. రైట్ కాల్ పూర్తయ్యేసరికి డేటా లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చేతిలో, అంటే ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది. రెడిస్ ఒక్కటే క్రాష్ అయితే ఫర్వాలేదు, కెర్నల్ తర్వాత రాసేస్తుంది. మెషీనే పడిపోతే అది పోతుంది. డిస్కుకి చేర్చేది ఎఫ్‌సింక్. అది ఎప్పుడు జరుగుతుందో చెప్పేది అపెండ్‌ఎఫ్‌సింక్ అనే ఒక్క సెట్టింగ్.

'నో' పెడితే నిర్ణయం కెర్నల్‌ది, మామూలుగా 30 సెకన్ల దాకా పట్టొచ్చు. 'ఆల్వేస్' పెడితే ఎఫ్‌సింక్ అయ్యాకే క్లయింట్‌కి జవాబు వెళ్తుంది. భద్రమే కానీ వేగం పడిపోతుంది, అంత అవసరమైతే ఆ డేటాను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెట్టుకోవడం నయం. డిఫాల్ట్ అయిన 'ఎవ్రీసెక్' సెకనుకోసారి వెనక థ్రెడ్‌లో ఎఫ్‌సింక్ చేస్తుంది. డిస్కు మరీ నెమ్మదిస్తే నష్టం రెండు సెకన్ల దాకా వెళ్లొచ్చు. గంట ఎక్కడ, రెండు సెకన్లెక్కడ!

ఫోర్క్ వల్ల మెమరీ వాడకం పెరుగుతుందని ఆర్‌డీబీ తీసేసి ఏఓఎఫ్ ఒక్కటే ఉంచేవాళ్లున్నారు. అలా చేసినా ఫోర్క్ తప్పదు. లాగ్ పెరిగినప్పుడు దాన్ని కుదించే రీరైట్ కూడా ఫోర్క్ చేసే జరుగుతుంది. ఎలా చూసినా ర్యామ్‌లో కొంత ఖాళీ వదలాల్సిందే.

ఇక రెప్లికా (మాస్టర్ అనే అసలు సర్వర్‌కి వేరేచోట నడిచే నకలు) ఉంది కదా అంటారా? రెప్లికేషన్ అసింక్రనస్, అంటే రెప్లికాకు డేటా చేరేదాకా మాస్టర్ ఆగదు. పైగా పర్సిస్టెన్స్ (డేటాను డిస్కుకి రాసే ఏర్పాటు) లేని మాస్టర్ పడిపోయి దానంతటదే లేస్తే ఖాళీగా లేస్తుంది, రెప్లికా కూడా ఆ ఖాళీనే కాపీ చేసుకుంటుంది.

అందుకే పోతే బాధపడే డేటా ఏదైనా ఉంటే ఎవ్రీసెక్‌తో ఏఓఎఫ్ పెట్టండి, ఆర్‌డీబీని బ్యాకప్ కోసం ఉంచండి. రెండూ ఉంటే రీస్టార్ట్‌లో రెడిస్ ఏఓఎఫ్‌నే చదువుతుంది. తిరిగి లోడవడం నెమ్మదన్న ఫిర్యాదు కూడా ఇప్పుడు చాలావరకు తీరింది, రీరైట్ అయిన ఏఓఎఫ్ మొదటి భాగం ఆర్‌డీబీ ఫార్మాట్‌లోనే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. నడుస్తున్న సర్వర్‌లో ఏఓఎఫ్ ఆన్ చేయాలంటే కాన్ఫిగ్ ఫైల్ మార్చి రీస్టార్ట్ చేయకండి. ఏఓఎఫ్ ఫైల్ ఇంకా లేదు కాబట్టి ఖాళీ డేటాబేస్‌తో లేవొచ్చు. ముందు ఆర్‌డీబీ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, కాన్ఫిగ్ సెట్ కమాండ్‌తో ఏఓఎఫ్‌ని ఆన్ చేసే అపెండ్‌ఓన్లీ సెట్టింగ్‌ని యెస్ చేయండి. మొదటి రీరైట్ పూర్తయిందో లేదో ఇన్ఫో పర్సిస్టెన్స్ కమాండ్‌తో చూసుకున్నాకే కాన్ఫిగ్ ఫైల్‌లో మార్చండి.