అటిలాలో పశ్చిమ రోమ్: పెద్ద సైన్యమా, చిన్న దళాలా?

టోటల్ వార్: అటిలా అనే కంప్యూటర్ యుద్ధ వ్యూహాల గేమ్‌లో ఆట క్రీ.శ. 395లో మొదలవుతుంది. పశ్చిమ రోమ్ తీసుకుంటే బ్రిటన్ నుంచి ఆఫ్రికా దాకా మీదే, ఖజానా మాత్రం ఎప్పుడూ కటకటే. మరి ఉన్న సైన్యాన్ని ఎలా పంచాలి?

మొదటి దారి: సరిహద్దు పొడవునా చిన్న చిన్న దళాలు. చరిత్రలో లిమిటానీలు, అంటే రోమ్ సరిహద్దు కాపలా దళాలు, చేసింది ఇదే. చిల్లర దోపిడీలకు ఇది చాలు. ఇరవై యూనిట్ల నిండు సైన్యం వచ్చిపడితే మాత్రం ఒక్కో దళం విడివిడిగా పోతుంది. పైగా ప్రతి దళానికీ ఒక సేనాపతి కావాలి. వాళ్లలో విధేయత తగ్గినవాడు మరో తలనొప్పి.

రెండోది కొమిటాటెన్సెస్ (రోమ్ సంచార సైన్యాలు) పద్ధతి: నిండు సైన్యాలు రెండేసి జతగా, ఒకదానికొకటి సాయం అందేంత దూరంలో. నా ఓటు దీనికే. గాల్‌లో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) ఒక జత, ఇటలీకి ఉత్తరాన ఇంకొకటి ఉంచి, ఊళ్ల కాపలాను గారిజన్లకు, అంటే ఊళ్లలోనే ఉండే కాపలా దళాలకు, వదిలేయండి. ఒక వైపు జాగ్రత్త పడితే ఇంకో వైపు ఖాళీ అవుతుంది, నిజమే. చరిత్రలో ఇటలీ రక్షణ కోసం పశ్చిమ రోమ్ సేనాని స్టిలికో రైన్ నది సరిహద్దు దళాలను లాక్కున్నాడు. 406 చివర్లో వాండల్స్, అలన్స్, సువీలు అనే తెగలు ఆ నదిని దాటేశాయి. అన్నీ ఒకేచోట పెట్టడమూ ప్రమాదమే: 378లో ఏడ్రియనోపుల్ దగ్గర గోత్ తెగలతో పోరులో తూర్పు రోమ్ సైన్యంలో మూడింట రెండు వంతులు, చక్రవర్తి వాలెన్స్‌తో సహా, ఒక్కరోజులో పోయింది. అందుకే జతలు.

బ్రిటన్ సంగతా? డబ్బు బిగుసుకుంటే ముందు వదులుకోవాల్సింది దాన్నే.