ఉదయగిరి కొండమీద నిలువు జెముళ్లు

ఉదయగిరి కోట ఎక్కాలనుకునేవారు ముందురోజు రాత్రికే ఊరు చేరుకోండి. మేము నెల్లూరులో తొలి బస్సు పట్టుకున్నా, ఆత్మకూరు మీదుగా వెళ్లి కొండ మొదట్లో నిలబడేసరికి పది దాటింది. ఫిబ్రవరి ఎండకే రాళ్లు వేడెక్కాయి. 1514లో గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలవడానికి కృష్ణదేవరాయలకు అంతకాలం ముట్టడి ఎందుకు పట్టిందో ఆ నిటారు దారి చూస్తే తెలుస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి.

నన్ను రప్పించింది మాత్రం కోట కాదు. "నువ్వు ఫొటోల్లో చూపించే దక్షిణ అమెరికా ఆండీస్ కొండల కాక్టస్‌లు మా కొండమీదా ఉన్నాయి, వచ్చి చూడవే" అన్నాడు మామయ్య. నిజంగానే పాత గోడ పక్కన, మనిషిని మించిన ఎత్తులో, పచ్చని కొమ్మలు కొవ్వొత్తుల్లా నిలబడి ఉన్నాయి. వంగి చూశాను. అంచుల వెంబడి ముళ్లు జంటలు జంటలుగా ఉన్నాయి. గాలికి విరిగిన కొమ్మను గోరుతో గీరగానే తెల్లని పాలు ఉబికాయి. "కంట్లో పడనివ్వకమ్మా!" అని మేకలు కాసే పెద్దాయన కేకేశాడు. ఆ పాలు కంటికి నిజంగా ప్రమాదం.

అది కాక్టస్ కాదు, బొమ్మజెముడు. ఆముదం, కర్రపెండలం కుటుంబానిది. కాక్టస్‌కైతే ముళ్లు చిన్న నూగు దిండు లాంటి చుక్క నుంచి గుత్తిగా పుడతాయి. ఒక్క జాతిని మినహాయిస్తే కాక్టస్‌ల పుట్టిల్లు అమెరికా ఖండాలే. మన చేలగట్ల మీది నాగజెముడూ అక్కడి నుంచి వచ్చిందే.

మామయ్య ఫొటోలో చూసినది ఒరియోసీరియస్ అనే అసలైన కాక్టస్. గ్రీకులో 'ఒరోస్' అంటే కొండ. పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనాల ఆండీస్‌లో, చాలాచోట్ల 3,000 మీటర్లకు పైన పెరుగుతుంది. ఒళ్లంతా కప్పిన తెల్లని వెంట్రుకలే దానికి పగటి ఎండ నుంచీ రాత్రి గడ్డకట్టే చలి నుంచీ రక్ష. దాని బంధువైన ట్రైకోసీరియస్ అనే కాక్టస్ ప్రజాతిని ఒకప్పుడు ఎకినాప్సిస్ అనే మరో ప్రజాతిలో కలిపేశారు, డీఎన్‌ఏ పరిశీలన తర్వాత మళ్లీ విడదీశారు. అందుకే ఒకే మొక్కకు రెండు పేర్లు కనిపిస్తాయి.

రాత్రి దిగిన లాడ్జిలో పక్కబట్టలు శుభ్రం, నీళ్లు మాత్రం రాలేదు. బస్టాండు దగ్గరి కారం దోసె ఆ చిరాకును మరిపించింది. ఈ ఊరి చెక్క చెంచాలు కొనకుండా రాకండి, నునుపు చూస్తే చేతిలోంచి వదలాలనిపించదు.

తిరుగుదారిలో ఒక నర్సరీలో అదే తెల్ల వెంట్రుకల మొక్క కనిపించింది. పక్కనున్న పలకమీద 'హిమాలయ కాక్టస్' అని సుద్దతో రాసి ఉంది. హిమాలయాల్లో పుట్టిన కాక్టస్ ఒక్కటీ లేదు. కుండీ అడుగున వేలు పెట్టి చూశాను, రంధ్రం లేదు, మట్టి తడిగా ఉంది. నెల్లూరు ఉక్కలో అలాంటి కుండీలో వేరు కుళ్లిపోవడం ఖాయం. ఆ మాటే నర్సరీ కుర్రవాడికి చెప్పాను. పలక తుడిచి, "ఏమని రాయాలి అక్కా?" అని అడిగాడు. అక్షరం అక్షరం పలుకుతూ రాయించాను.